‘ఏమీ తోచడం లేదు’ అన్న కుమ్మరి: అనంతపురం నుంచి ఒక కేస్ స్టడీ

కుండల పని చేసేవాళ్లకు డిజైన్‌లో, కాల్పులో తోడుగా ఉండటం నా పని. మామూలుగా నా దాకా వచ్చేవి పగుళ్లు, మన్ను, వాము (కుండలు కాల్చే బట్టీ), ధరల గొడవలు. ఈ కేసు వేరు. చేతిలో నిండుగా పనితనం ఉన్న మనిషికి కొత్తగా ఏం చేయాలో తోచకపోవడం ఇక్కడి సమస్య. ఇలాంటివాళ్లకు ‘ఇన్‌స్పిరేషన్’ పేరుతో బొమ్మలు చూపించడం, గుళ్లకు తీసుకెళ్లడం మన శిక్షణల్లో ఆనవాయితీ అయిపోయింది. అది ఎందుకు పారదో ఈ కేసులో బాగా బయటపడింది కాబట్టి రాస్తున్నాను. ఊరు, పేరు, కొనుగోలుదారుల వివరాలు తీసేశాను. కుటుంబం సంగతులు కొన్ని మార్చాను.

నేపథ్యం

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఒక పెద్ద ఊరు. అతనికి ముప్పై దాటాయి. తాత, తండ్రి కుండలు చేసినవాళ్లే. అతను మాత్రం డిగ్రీ మధ్యలో వదిలేసి బెంగళూరులో కొన్నేళ్లు డెలివరీ పని చేశాడు. తండ్రికి మోకాళ్లు పట్టేశాక ఇంటికొచ్చి సారె (కుమ్మరి చక్రం) ముందు కూర్చున్నాడు. ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ 2018లో మొదలుపెట్టిన కుమ్హార్ సశక్తీకరణ్ పథకం కింద కరెంటు సారె వచ్చింది. కట్టెతో తిప్పే పాత సారె పెరట్లో ఓ మూలకు చేరింది.

మన్ను రెండు చోట్లది. చెరువు అడుగున నల్లటి బంకమన్ను, గట్టు అవతల ఎర్రమన్ను. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. చెరువు ఎండితేనే మన్ను దొరుకుతుంది, నిండితే దొరకదు. లోకమంతా వానలు కోరుకుంటే కుమ్మరి సగం మనసుతో కోరుకుంటాడు. ఎండిన ఏడు ట్రాక్టర్లతో తోలుకుని పెరట్లో కుప్ప పోసుకుంటారు.

ఇంట్లో ఏడాది పొడవునా జరిగే పని ఇది: ఎండాకాలం నీళ్ల కుండలు, సంగటి చట్టీలు, దీపావళికి ప్రమిదలు, ముహూర్తాలప్పుడు అరివేణి కుండలు. పెళ్లి కుండలకు సున్నం పూసి, జాజుతో (ఎర్రమట్టి రంగు) గీతలు, చుక్కలు పెట్టేది వాళ్లమ్మ. ఆ పనిని ఇంట్లో ఎవరూ ‘డిజైన్’ అనుకోలేదు. అతను కూడా.

సమస్య ఎలా వచ్చింది

బెంగళూరు పరిచయాలతో ఒకరిద్దరు షాపువాళ్లు కప్పులు, మొక్కల కుండీలు అడిగారు. ఫోన్‌లో ఫోటోలు పంపి ‘ఇలాంటివి’ అన్నారు. చేశాడు. కొన్ని పోయాయి. తర్వాత ‘కొత్తవి ఏమున్నాయి?’ అన్నారు. అక్కడ మొదలైంది టెన్షన్. నేను కలిసేనాటికి అతని ఫోన్ నిండా స్క్రీన్‌షాట్లే: బుద్ధుడి ముఖం కుండీలు, గుడ్లగూబ దీపాలు, జపాన్ టీ కప్పులు, పెదవి వంకర తిరిగిన పూలకూజాలు. రాత్రి పన్నెండు దాకా చూడటం, పొద్దున్నే సారె మీద అది రాకపోవడం, మధ్యాహ్నానికి మన్ను పిండేసి తొట్లో వేయడం.

“సార్, చేతులు తిరుగుతాయి, బుర్ర తిరగదు. ఫోన్లో చూసిందే చేస్తా. చేసినాక అది ఫోన్లో ఉన్నట్ల ఉండదు. ఇంక నాకే దాన్ని చూడబుద్ధి కాదు.”

మూడు కారణాల్లో ఏదో ఒకటి కావాలి అనుకున్నాను: చేయి తక్కువ కావడం, గిరాకీ లేకపోవడం, ఎంచుకోవడం తెలియకపోవడం. మొదటిది తేల్చడం తేలిక. నీళ్ల కుండ ఒకటి చెయ్యమన్నాను. నాతో మాట్లాడుతూనే చేశాడు. సారె మీద గోడ లేపి, అరపచ్చిగా ఆరాక లోపల రాయి ఆనించి బయట చెక్కతో తట్టి అడుగు మూసేశాడు. కన్ను దాని మీద లేదు. గోడ మాత్రం అంతటా ఒకే మందం. ఇలాంటి చేతికి శిక్షణ అక్కర్లేదు. గిరాకీ కూడా ఉంది, అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టే ఒత్తిడి.

మిగిలింది మూడోది. అతని స్క్రీన్‌షాట్లను వరుసగా పెట్టి చూస్తే ఒక సంగతి తేలింది. దాదాపు అన్నీ 1200 డిగ్రీల సెల్సియస్ పైన కాల్చి, గ్లేజు (గాజులాంటి పూత) వేసిన వస్తువులు. అతని వాము కంపకట్టెలతో, కంది కట్టెతో 700 నుంచి 850 మధ్య కాలుతుంది. ఆ వేడికి మన్ను గట్టిపడుతుంది, కానీ నీటిని పీలుస్తూనే ఉంటుంది. పలుచటి అంచు నిలవదు. నీళ్ల కుండ చల్లగా ఉండేది ఆ పీల్చే గుణం వల్లే. కాఫీ కప్పు టేబుల్ మీద తడి మచ్చ వదిలేది కూడా దానివల్లే. అంటే రోజూ తన మన్ను ఇవ్వలేనిదాన్ని దాన్నుంచి అడుగుతున్నాడు. అది రాకపోతే తనకు ఊహ లేదని తేల్చుకుంటున్నాడు.

మొదట చేసి చూసినవి

నోటుబుక్కుతో మొదలుపెట్టాం. ఫోన్ బొమ్మలకు బదులు తన బొమ్మలు ఉంటే ఎంపిక తనదవుతుందన్నది ఆలోచన. బాగానే గీశాడు. కానీ గీసినవన్నీ కుండ అంచు రేఖలే. గోడ మందం లేదు, అడుగు లేదు, ఎత్తితే ఎంత బరువో లేదు. మళ్లీ సారె మీద ఆ రేఖ కోసం వెంటపడటం, రాకపోతే పిండేయడం. స్క్రీన్‌షాట్ పోయి దాని చోట కాగితం వచ్చింది, అంతే. చదువుకున్న డిజైనర్‌కు పెన్సిల్‌తో ఆలోచన సాగుతుంది. ఇతనికి ఆలోచన వేళ్లలో సాగుతుంది. రెండు వారాలకే పుస్తకం పక్కన పెట్టించాను.

తర్వాత లేపాక్షి. ఇది అతని కోరిక, నేను కాదనలేదు. 16వ శతాబ్దపు విజయనగర పని పక్కనే ఉంది. లతామండపం స్తంభాల మీది నమూనాలు ఇప్పటికే చీరల అంచుల్లోకి వచ్చాయి, కుండల మీదికి ఎందుకు రాకూడదు అన్నాడు. ఫోటోలు తీసుకొచ్చి నీళ్ల కుండ, సంగటి చట్టి పొట్టల మీద చెక్కాడు. రెండు చోట్ల దెబ్బతింది. సంగటి చట్టి మన్నులో మంట తట్టుకోవడానికి ఇసుక కలుపుతారు. ఆ మన్నులో సన్నగీత గీస్తే ఇసుక రేణువు లేచొచ్చి అంచు చిట్లుతుంది. ఇసుక తీసేస్తే గీత బాగుంటుంది, కుండ పొయ్యి మీద పగులుతుంది. రెండోది, ఆ నమూనాలు చదునైన రాతి ముఖం కోసం పుట్టినవి. గుండ్రటి పొట్ట మీద అదే పువ్వు నడుము దగ్గర సాగుతుంది, అడుక్కొచ్చేసరికి ఇరుకవుతుంది. చీర చదునుగా ఉంటుంది కాబట్టి దానికి ఆ ఇబ్బంది రాలేదు. చెక్కిన కుండలు కొన్ని టూరిస్టులు కొన్నారు, అది నిజమే. కానీ గుడి బొమ్మ అంటించినంత మాత్రాన అది మన కుండ అయిపోతుందన్న నమ్మకం ఎగ్జిబిషన్ స్టాళ్లలో ఎక్కువ, వాడే ఇళ్లలో తక్కువ.

మూడోది గ్లేజు. తడి మచ్చ సమస్య తీరుతుందని ఆశపడ్డాడు. తక్కువ వేడికి కరిగే గ్లేజుల్లో పాతకాలంనుంచీ సీసం వాడుతూ వచ్చారు. తినే, తాగే పాత్రల మీద అది విషం, దాని మాటే వద్దని మొదటే చెప్పాను. సీసం లేని పొడి కొని ప్రయత్నించాం. కట్టెల వాములో బూడిద ఎగిరి పైన పడింది. పొగ తగిలినచోట రంగు మారింది. కాలాక చల్లారేటప్పుడు మన్ను ఒకంత, గ్లేజు ఒకంత కుంచించుకుపోయి పైపొరంతా సన్నటి చీలికలు. కరెంటు కొలిమి కొంటే కుదురుతుంది. కానీ అప్పు చేసి కొలిమి కొని ఫోటోల్లోని కప్పులు చేస్తే, అవే కప్పులు చేసే ఫ్యాక్టరీతో ధర దగ్గర పోటీపడాలి. అక్కడితో ఆపమన్నాను. దీనికి అతను కొన్నాళ్లు అలిగాడు.

దారి మారిన చోటు

ఇంతవరకూ చేసినవన్నీ బయటినుంచి తెచ్చి కుండ మీద పెట్టేవే. అందుకే నిర్ణయం తిరగేశాను: కొత్తవి వెతకొద్దు, ఉన్నవాటిలో ఒక్కటి పట్టుకో. సంగటి చట్టి ఎంచుకున్నాం. దాన్ని వాడేవాళ్లు వీధిలోనే ఉన్నారు, పైగా వాళ్ల దగ్గర ఫిర్యాదులు ఉన్నాయి. ఫిర్యాదు ఉన్నచోట చేయడానికి పని ఉంటుంది.

రెండు షరతులు పెట్టాను. ప్రతిసారీ ఒకే బరువు ముద్ద. కరెంటు సారె ఆపి తాత సారె. రెండోది చూసి వెనక్కి పోతున్నాం అనుకున్నాడు. నా లెక్క వేరు. కట్టెతో తిప్పిన సారె తిరిగినంతసేపే తిరుగుతుంది. అది నెమ్మదించేలోపు గోడ లేవాలి, మూతి తేలాలి. ఎక్కడ ఆపాలో సారే చెబుతుంది. కరెంటు సారె ఆగదు కాబట్టి ఇతనూ ఆగడు. సరిగ్గా ఉన్న గోడను ఇంకా పలుచన చేయడం, అంచును ఇంకా తిప్పడం, చివరికి కూలిపోవడం. ఫోన్ బొమ్మల వెంటపడిన రోజుల్లో జరిగిందంతా అదే. ఫోన్ మాత్రం నేను మాన్పించలేదు. పెద్దవాణ్ణి పట్టుకుని చూడొద్దనడం పనికిరాదు, పైగా దాన్లోంచే ఆర్డర్లు వస్తాయి.

మూడో పని కష్టంగా అనిపించింది: చేసిన చట్టీల్లో సగం పచ్చిగా ఉండగానే నిలువునా తీగతో కోయాలి. కోసినచోట గోడ మొత్తం కనిపిస్తుంది. అడుగు మూలలో మన్ను ఎంత మిగిలింది, భుజం దగ్గర ఎంత పలచబడింది, బరువు ఎక్కడ దాక్కుంది అన్నీ. వాళ్లమ్మకు ఇది అస్సలు నచ్చలేదు. “చేసిన కుండను కోస్తారా ఎవరన్నా? అన్నం తినే పని గదప్పా అది” అని గుమ్మంలో నిలబడి నన్నే అడిగింది. కోసిన మన్ను పారేయడం లేదు, తిరిగి నానబెడుతున్నాం అని చూపించాక ఊరుకుంది. తర్వాత ఆమే ముక్క చేతిలోకి తీసుకుని, “అడుగు మందమాయె, మాడుతాది” అంది. నేను చెప్పాల్సింది ఆమె చెప్పింది.

ఈలోగా అతణ్ణి ఇళ్లకు పంపాను. ఏం కావాలని అడగొద్దు, వండుతుంటే చూడమన్నాను. అడిగితే అందరూ ‘బాగుందప్పా’ అంటారు. చూస్తే తెలిసింది ఇది: కట్టెల పొయ్యి రోజుల్లో సంగటి గెలికేటప్పుడు చట్టిని దించి కింద పెట్టుకుని, కాళ్లతో అదిమిపట్టి గెలికేవాళ్లు. ఇప్పుడు గ్యాస్ స్టౌ దగ్గర నిలబడి గెలుకుతుంటే చట్టి ఆ గెలికే కట్టెతో పాటే తిరుగుతోంది. గుండ్రటి అడుగు స్టాండు మీద ఊగుతోంది. ఒకామె తడిగుడ్డతో అంచు పట్టుకుని చేయి కాల్చుకుంది. అందుకే చట్టి ఇంట్లో ఉన్నా వండేది కుక్కర్‌లో.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఫోన్ తీయలేదు. మన్ను తీశాడు.

మొదట అడుగు చదును చేశాడు. అది మంట మీద మూల దగ్గర పగిలింది. చదునైన అడుగు, నిలువు గోడ కలిసే మూలలో వేడి సమానంగా పాకదు. సాగుడంతా ఒక్క గీత మీద పడుతుంది. గుండ్రటి కుండ నిలిచేది మూల లేకపోవడం వల్లే. కాబట్టి స్టౌ మీద నిలబడేంత చదును మధ్యలో ఉంచి, చుట్టూ వంపు వదిలాడు. తర్వాత చెవులు. విడిగా చేసి అతికిస్తే అతుకు దగ్గరే విడిపోయాయి. చివరికి అంచునే రెండువైపులా బయటికి లాగి, కింద బొటనవేలితో ఒత్తి, గుడ్డ పట్టేంత చోటు చేశాడు. అతుకు లేదు కాబట్టి పగులు లేదు. మూతి వెడల్పు చేశాడు, కట్టె తగలకుండా. చూడటానికి ఆ చట్టి ఎక్కడా చూసినట్టు ఉండదు, కానీ అందులో వింత కోసం చేసింది ఒక్కటీ లేదు. ‘ఇది నాది సార్’ అని అతను అనడం అదే మొదటిసారి.

నలుపు, ఎరుపు

ఆకారం కుదిరాక పైపని మీదికి వెళ్లాం. గ్లేజు లేకుండా నునుపు ఎలా? బంకమన్నును నీళ్లలో బాగా కలిపి ఒక రోజు వదిలేస్తే బరువుది అడుక్కి పోతుంది. పైన తేలిన సన్నటి మడ్డి మాత్రం వంచుకుని అరపచ్చి కుండకు పూసి, గులకరాయితో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. వెయ్యి డిగ్రీల లోపు కాలిస్తే ఆ మెరుపు నిలుస్తుంది. అంటే అతని వాము తక్కువ వేడి ఇక్కడ లోటు కాదు, సరిగ్గా కావలసిందే. నూనె, గంజి పట్టేకొద్దీ వంటకూ అనువవుతుంది.

మ్యూజియానికి వెళ్లింది అప్పుడు. లేపాక్షికి వెళ్లినప్పుడు చేతిలో ప్రశ్న లేదు, ఇప్పుడు ఉంది. దక్షిణాదిలో ప్రాచీనకాలపు పెద్దరాళ్ల సమాధుల్లో దొరికే పాత్రలు లోపల, మూతి దగ్గర నల్లగా, బయట ఎర్రగా ఉంటాయి. అనంతపురం జిల్లాలోనే కళ్యాణదుర్గం దగ్గర అలాంటి సమాధులున్నాయి. అద్దం పెట్టె ముందు అతను చాలాసేపు వంగి చూసి, “బోర్లించి కాల్చినారు” అన్నాడు. పురావస్తు శాస్త్రవేత్తలు ఎక్కువమంది చెప్పేదీ అదే. మూతి పొట్టులోనో బూడిదలోనో కూరుకుంటే అక్కడికి గాలి అందదు. మన్నులోని ఇనుము నల్లబడుతుంది, పొగ మసి పట్టుకుంటుంది. గాలి తగిలిన బయటి భాగంలో అదే ఇనుము ఎర్రగా మారుతుంది. మొత్తం నల్లగా కాల్చే పద్ధతి నిజామాబాద్‌లో ఉంది (మన తెలంగాణ నిజామాబాద్ కాదు, ఉత్తరప్రదేశ్‌లోది).

పొట్టుకు అనంతపురంలో కరువు లేదు, వేరుశనగ మిల్లు ఊళ్లోనే ఉంది. పెద్ద బానలో పొట్టు పోసి, చట్టీలు బోర్లించి, మూతకు మన్ను మెత్తి వాములో పెట్టాడు. మొదటిసారి మెత్తిన మన్ను ఎండి బీటలు వారి గాలి దూరింది, మచ్చలు మచ్చలుగా వచ్చింది. ఇంకోసారి చక్కగా నల్లబడింది కానీ ఆత్రంతో వేడిగా ఉండగానే తెరిచాడు. మసి కళ్లముందే కాలిపోయి సగం ఎర్రబడింది. మన్నులో ఇసుక కలిపి మెత్తడం, మర్నాడు పొద్దున్న దాకా ముట్టుకోకపోవడం అనే రెండు మార్పులతో కుదిరింది. నలుపు ఎరుపులోకి మారేచోట పొగమబ్బులాంటి గీత వస్తుంది. అది ఏ రెండింటి మీదా ఒకేలా రాదు. పొట్టు ఎంత ఎత్తు పోయాలి అన్నదాన్ని బట్టి ఆ గీతను పైకి, కిందికి జరపడం నేర్చుకున్నాడు. ఇప్పుడు అతని ఆలోచనంతా దాని మీదే.

ఇక్కడో చిన్న సంగతి. బనగానపల్లె దగ్గరి పాతపాడులో దొరికిన సుమారు మూడు వేల ఏళ్ల నాటి రంగు పూసిన కుండల ఫోటోలు అతనికి చూపించాను. ఎర్రటి పూత మీద ముదురు గీతలు, కొన్ని గిన్నెలకు పొడవాటి కాలువలాంటి ముక్కు. వాళ్లమ్మ కూడా వంగి చూసింది. “ఈ గీతలు ఆగకుండా గీసినారు, నేనూ అట్లే పెడతా” అంది. మూడు వేళ్లు జాజులో ముంచి, కుండ తిప్పుతూ ఒక్క ఊపులో లాగడం ఆమె పద్ధతి. అతను దాన్ని రంగుతో కాకుండా పచ్చి పూత మీద ఉత్త వేళ్లతో చేశాడు. ఇసుక మన్ను చెక్కనివ్వలేదు కానీ వేలిగీతను హాయిగా ఒప్పుకుంది.

ఫలితం

చట్టి ఊళ్లో మెల్లగా, బెంగళూరులో వేగంగా పోతోంది. కప్పులు మానేశాడు. ఒక హోటల్‌వాళ్లు మబ్బుగీత అన్నిటికీ ఒకేచోట ఉండాలన్నారు. నల్లవి కుదరదని చెప్పి ఉత్త ఎర్రవి ఇచ్చాడు. కరెంటు సారె మళ్లీ తిరుగుతోంది, ప్రమిదలకు, కుండీలకు. కొత్త ఆకారం వెతికేటప్పుడు మాత్రం పాత సారె దగ్గరికే వెళ్తాడు. స్క్రీన్‌షాట్లు ఇంకా తీస్తాడు. ఇప్పుడు వాటిని చూసి అడిగే మాట మారింది: ‘ఇది ఎంత వేడికి కాలింది సార్?’

ఈ పనిలో ఉన్నవాళ్లకు

‘తోచడం లేదు’ అన్న మాట వినగానే బొమ్మలు చూపించే ముందు, అతను ఏం చూసి దేనితో చేయబోతున్నాడో పక్కపక్కన పెట్టి చూడండి. ఈ కేసులో జబ్బు మొత్తం ఆ తేడాలో ఉంది. గుడికి, మ్యూజియానికి తీసుకెళ్లడం మంచిదే, కానీ చేతిలో ఒక అడ్డంకి పట్టుకుని వెళ్లాలి. వాడేవాళ్లను అడగడం కంటే వాళ్లు వాడుతుంటే చూడటం మేలు. ఇంట్లో ఆడవాళ్లు చేసే పూత పనిని మన సర్వేల్లో ‘సహాయం’ అని రాసేస్తాం. ఈ ఇంట్లో అందరికంటే తడుముకోని గీత వాళ్లమ్మది. శిక్షణ డబ్బులు ఆమె పేరున ఒక్క రూపాయి కూడా రాలేదు, అది ఇప్పటికీ పరిష్కారం కాని గొడవే.

ఈ పద్ధతి అందరికీ సరిపోతుందని చెప్పను. ఇతనికి చేయి ముందే ఉంది. కొత్తగా సారె పట్టినవాడికి ముద్ద బరువు కట్టడి చేస్తే విసుగే మిగులుతుంది. అప్పుల ఒత్తిడి మీద ఉన్నవాడు సగం కుండలు కోసుకోలేడు. ఇతనికి ఆ నెలల్లో నీళ్ల కుండల అమ్మకం ఇల్లు నడిపింది.

ఈ ఏడు చెరువు నిండింది. కుప్పలో పాత మన్ను అయిపోవస్తోంది. పక్క ఊరినుంచి తెచ్చిన మన్నులో ఇసుక ఎక్కువ, పూత సరిగా పట్టడం లేదు. పది సెంటీమీటర్ల గీత గీసిన పలకలు చేసి ఎంత కుంచించుకుంటుందో కొలుస్తున్నాడు. పాత మన్నులో ఆ గీత కాలాక తొమ్మిదికి దగ్గరగా వచ్చేది, కొత్తదాన్లో అంత తగ్గడం లేదు. పొట్టు ఎత్తు లెక్క కూడా మళ్లీ మొదటినుంచి చూసుకోవాలి.